టౌన్ హాల్‌కు తాళం ఎలా పడింది?

మునిర్కా గల్లీలో చెత్త కదలకపోయినా, ఇంటి పన్ను లెక్క తేలకపోయినా పౌరుడు మొదట వెళ్లవలసింది గ్రీన్ పార్కులోని కార్పొరేషన్ దక్షిణ జోన్ కార్యాలయానికి. అక్కడ తెమలనిది మింటో రోడ్డులోని 28 అంతస్తుల సివిక్ సెంటర్‌కు చేరుతుంది. 2010 వరకూ ఆ చివరి గడప పాత ఢిల్లీలో, చాందినీ చౌక్ నడిబొడ్డున ఉండేది. దాని పేరు టౌన్ హాల్. సిబ్బంది సివిక్ సెంటర్‌కు తరలిపోయాక ఆ పసుపు గోడల భవనం నిరుపయోగంగా మిగిలింది.

దాని పునాదిలోనే ఒక కూల్చివేత ఉంది. షాజహాన్ కుమార్తె జహనారా 17వ శతాబ్దంలో ఇక్కడ తోటను, బాటసారుల కోసం సరాయిని కట్టించింది. 1857 తిరుగుబాటును అణచివేశాక ఆంగ్లేయులు ఆ సరాయిని నేలమట్టం చేసి, ఆ స్థలంలో లారెన్స్ ఇన్‌స్టిట్యూట్ పేరిట భవనం మొదలుపెట్టారు. 1863లో ఏర్పడిన ఢిల్లీ మునిసిపాలిటీ 1866లో దాన్ని సుమారు 1,35,000 రూపాయలకు కొనుక్కుంది. సమావేశ మందిరం, గ్రంథాలయం, మ్యూజియం, వర్తకుల మండలి అన్నీ ఒకే కప్పు కింద చేరాయి. పాలకులు నామినేట్ చేసిన పెద్దమనుషులే తొలి సభ్యులు. పన్ను కట్టేవారి ప్రతినిధులకు చోటివ్వాలన్న మాట రిపన్ 1882 తీర్మానంతో గాని బలపడలేదు.

భవనం ముందు విక్టోరియా రాణి విగ్రహం ఉండేది. స్వాతంత్ర్యానంతరం దాన్ని తీసి స్వామి శ్రద్ధానంద విగ్రహాన్ని నిలిపారు. ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదు. 1919 మార్చి 30న రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సాగిన హర్తాళ్ నాడు, ఇక్కడి గడియార స్తంభం సమీపంలోనే ఆయన సైనికుల తుపాకులకు ఎదురుగా ఛాతీ చూపి నిలబడ్డారు. ఆ స్తంభం 1950ల తొలినాళ్లలో కూలిపోయింది. ఘంటాఘర్ అన్న పేరు మాత్రం జనం నోట నిలిచింది.

1958లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. క్విట్ ఇండియా నాటి అరుణా అసఫ్ అలీ ఎన్నికైన తొలి మేయరుగా ఈ హాలులోనే ఆసీనురాలయ్యారు. ఆ క్షణంలో భవనానికీ ప్రజాస్వామ్యానికీ మధ్య ఏదో ఒప్పందం కుదిరినట్టే తోచింది. ఆ ఒప్పందం నిలవలేదు. మేయరు పదవీకాలం ఏడాది. కార్యనిర్వాహక అధికారమేమో కేంద్రం నియమించే కమిషనరుది. 1983లో ఎన్నికైన సభ 1990లో రద్దయితే మళ్లీ ఎన్నికలు జరిగింది 1997లో. 2012లో షీలా దీక్షిత్ ప్రభుత్వం కార్పొరేషన్‌ను మూడు ముక్కలు చేసింది. 2022లో పార్లమెంటు ఆ మూడింటినీ కలిపి, స్థానాలను 272 నుంచి 250కి తగ్గించి, రాష్ట్ర ప్రభుత్వం చేతిలో మిగిలిన అధికారాలను కేంద్రానికి అప్పగించింది. ఈ కుదుపులన్నిటి మధ్యా నూటయాభై ఏళ్ల కట్టడం బాగోగులు ఎవరికి గుర్తుంటాయి? మ్యూజియం అన్నారు, హెరిటేజ్ హోటల్ అన్నారు. 2021లో దాని ముందున్న వీధిని ఎర్రరాయి పరిచి పాదచారులకు అప్పగించారు. వీధికి కొత్త రూపు వచ్చింది గాని, వీధి మీది టౌన్ హాల్‌కు రాలేదు.

హైదరాబాదు టౌన్ హాల్ కథ దీనికి ఎదురుగా పెట్టి చూడదగినది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యవ జన్మదినం గుర్తుగా, పౌరుల విరాళాలతో పబ్లిక్ గార్డెన్స్‌లో 1905లో మొదలై 1913లో పూర్తయిన ఆ భవనమే తర్వాత శాసనసభ అయింది. 2014 విభజనలో ఆంధ్రప్రదేశ్ వాటాకు వెళ్లి, ఆ ప్రభుత్వం అమరావతికి మారాక కొంతకాలం అదీ అనాథే. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి కొత్త అసెంబ్లీ కడతామని తెలంగాణ ప్రభుత్వం శంకుస్థాపన చేస్తే, హైకోర్టు అడ్డుకుంది. ఆ కోర్టు తీర్పు లేకుంటే పాత భవనం గతి ఏమయ్యేదో చెప్పడం కష్టం. తర్వాత శాసనమండలిని అందులోకి తేవాలన్న నిర్ణయంతో ఆగాఖాన్ ట్రస్ట్ దాని పునరుద్ధరణ చేపట్టింది. సున్నంతో కట్టిన గోడపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడను తినేస్తుంది. అందుకే ఇలాంటి పనిలో కొత్తది చేర్చడం కన్నా మునుపటి మరమ్మతులను ఊడదీయడానికే ఎక్కువ ఓపిక కావాలి. ఆ ఓపికకు, ఖర్చుకు అక్కడ కారణం ఉంది. లోపల కూర్చునే సభ ఒకటుంది.

ఢిల్లీలో సభకే స్థిమితం లేదు. 2022 డిసెంబరు ఎన్నికల్లో 134 స్థానాలతో ఆమ్ ఆద్మీ పార్టీ గెలిచినా, నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదని సుప్రీంకోర్టు చెప్పాకే 2023 ఫిబ్రవరిలో మేయరు ఎన్నిక జరిగింది. ఆ పదిమందిని మంత్రివర్గ సలహా లేకుండానే లెఫ్టినెంట్ గవర్నర్ నియమించవచ్చని అదే కోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. 1863 నాటి నామినేషన్ల ఛాయ ఇంకా పోలేదన్నమాట. ఐదు కోట్లు దాటిన ఏ కాంట్రాక్టుకైనా స్టాండింగ్ కమిటీ ఆమోదం తప్పనిసరిగా ఉండేది. టౌన్ హాల్ అంతటి భవనాన్ని నిలబెట్టే పని ఆ పరిధిలోకే వచ్చేది. ఆ కమిటీ 2022 విలీనం తర్వాత మూడేళ్లు ఏర్పడనే లేదు. 2025 జూన్‌లో గాని దానికి అధ్యక్షులు రాలేదు.