గుడి బయట వదిలిన డప్పు

తమిళనాడు దక్షిణ కొసన, తిరునెల్వేలి సీమలో వడక్కన్‌కుళం అనే ఊరుంది. 1872లో జెస్యూట్ ఫాదర్లు అక్కడ ఒక చర్చి కట్టించారు. బలిపీఠం ఒక్కటే. దాని ముందు నుంచి రెండు పొడుగాటి హాళ్లు పంట్లాం కాళ్లలా ఎడంగా చీలిపోతాయి. ఒక హాల్లో వెల్లాలులు, రెండో హాల్లో నాడార్లు. బలిపీఠం దగ్గర నిలబడిన గురువుకు ఇద్దరూ కనిపిస్తారు, వాళ్లకు మాత్రం ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. పూజ ఒకటే, పాటలూ అవే. 1910లో ఫాదర్ కోసనెల్ హయాంలో రెండు హాళ్ల మధ్య అడ్డుగోడ పడగొట్టారు. వెల్లాలులు తమ హక్కు పోయిందని కోర్టుకెక్కారు. క్రైస్తవంలో కులానికి చోటు లేదని, గుడిలో కులం గోడను కోర్టు కాపాడలేదని మద్రాసు హైకోర్టు వాళ్ల వాదన కొట్టేసింది.

చర్చి పాటల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా కవి దగ్గరో, రాగం దగ్గరో మొదలుపెడతారు. దక్షిణాదిలో మాత్రం పాట పాడేవాళ్లు ఎక్కడ కూర్చున్నారన్న దగ్గర్నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పాట గొడవ, చోటు గొడవ ఇక్కడ ఎప్పుడూ విడివిడిగా లేవు.

తంజావూరు వేదనాయగం శాస్త్రియార్‌నే చూడండి. 1774లో పుట్టి 90 ఏళ్లు బతికిన మహాకవి. జర్మన్ మిషనరీ ష్వార్ట్జ్ దగ్గర పెరిగాడు. మరాఠా రాజు రెండో శరభోజికి సహాధ్యాయి. కురవంజి అనే తమిళ నృత్య నాటక రూపంలోకి బెత్లెహేము కథను తెచ్చాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో సాగే కర్ణాటక కీర్తనను క్రైస్తవ ఆరాధనలో పాతుకునేలా చేసినవాళ్లలో ఆయనది ముందువరస. తమిళ చర్చిల్లో ఆయన కీర్తనలు ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. ఆయన వెల్లాల కులస్థుడు. గుడిలో అందరూ కలిసి కూర్చోవాలని, ప్రభు బల్ల దగ్గర వరుసలు ఉండకూడదని 1820ల్లో కొత్తగా వచ్చిన మిషనరీలు పట్టుబట్టినప్పుడు ఆయన ఎదురు తిరిగాడు. 1829 నాటి ఆయన రాతల్లో పాత తమిళ పాటలను మార్చేస్తున్నారన్న బాధ, కులాలను కలిపేస్తున్నారన్న కోపం పక్కపక్కనే ఉంటాయి. నాలుగేళ్ల తర్వాత, 1833లో, కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కుల భేదాలు పూర్తిగా మానేయాలని ఆజ్ఞ జారీ చేశాడు. తంజావూరులో చాలామంది వెల్లాల క్రైస్తవులు చర్చికి రావడం మానేశారు. వేదనాయగం ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంత గొప్ప భక్తి పాట రాసిన చెయ్యే పక్కవాడు కూర్చునే చోటును నిర్ణయించబోయిందన్న సంగతి మాత్రం ఆ కీర్తనలతో పాటే గుర్తుంచుకోవాలి.

సరిగ్గా అదే 1833లో కటకంలో పురుషోత్తమ చౌదరి బాప్తిస్మం పొందాడు. ఆయనా అగ్రకులం నుంచి వచ్చినవాడే, బ్రాహ్మణుడు. తెలుగులో నూటికి పైగా కీర్తనలు రాశాడు. కులాన్ని నిలదీస్తూ 'కులాచార పరీక్ష' అనే పుస్తకం కూడా రాశాడు. కవిగా ఆయన తెలుగు క్రైస్తవులకు పాటనిచ్చాడు. తెలుగు చర్చిల పాటల పుస్తకం 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే ప్రతి పాట నెత్తిమీద రాగం, తాళం అచ్చయి ఉంటాయి. కొన్నిటికి 'ఛాయ' అని మరో పాట పేరు కూడా ఉంటుంది, ఆ వరసలో పాడుకోమని.

ఆ పాటల పుస్తకం ఎవరి చేతుల్లోకి వెళ్లిందన్నదే తెలుగు కథలో అసలు మలుపు. 1866లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ముందు ఒక చిక్కు వచ్చింది. ఊళ్లోని పెద్ద కులాలవాళ్లు ఆయన మాట వింటున్నారు, వాళ్ల పిల్లలు బడికి వస్తున్నారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. పేరయ్య అప్పటికే రాజయోగ సాధకుడు, తనవాళ్లలో గురుస్థానం ఉన్నవాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పెద్ద కులాలు తేల్చి చెప్పాయి. క్లౌ పేరయ్య వైపు నిలబడ్డాడు. పన్నెండేళ్ల తర్వాత, 1876-78 కరువు ముగుస్తున్న రోజుల్లో, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ జనంలో అత్యధికులు మాదిగలు.

చేరినవాళ్లు ముందుగా చేసిన పనుల్లో ఒకటి డప్పు దింపేయడం. ఊరి జాతరకు, ఊరి చావుకు డప్పు కొట్టడం మాదిగలకు వెట్టి. కొట్టం అన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. అందుకు ఊరు వాళ్లను బాధలు పెట్టింది, నీళ్లకు అడ్డుపడింది, పనులు ఇవ్వలేదు. అయినా నిలబడ్డారు. ఆ రోజుల్లో డప్పు మూగబోవడమే ఆత్మగౌరవం. ఈ ముక్క బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తర్వాత వంద ఏళ్లకు అదే డప్పును గుడిలోకి తీసుకురావాలన్నవాళ్లకు ఎదురైన మొదటి అభ్యంతరం ఇక్కడే పుట్టింది.

ఆ అభ్యంతరాన్ని నేరుగా ఎదుర్కొన్న మనిషి జేమ్స్ థియోఫిలస్ అప్పావు. 1940లో పుట్టిన ఈ తమిళ దళిత క్రైస్తవుడు కర్ణాటక సంగీతమూ, పాశ్చాత్య సంగీతమూ నేర్చినవాడు. మదురైలో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ), లూథరన్ సంఘాలు కలిసి నడిపే తమిళనాడు థియలాజికల్ సెమినరీలో పాఠాలు చెప్పాడు. విద్యార్థులు, పల్లె జనం ఆయన్ని 'పరట్టై అన్నన్' అని పిలిచేవారు, అంటే చింపిరి జుట్టు అన్నయ్య. చదువుకున్న చర్చి సంగీతం తన పల్లెజనం గుండెలో ఉన్న మాటను పలికించలేదని ఆయనకు అనిపించింది. దాంతో కీర్తన పక్కన పెట్టి జానపద బాణీ పట్టాడు. ఆరాధన క్రమం మొత్తాన్ని, ఒప్పుకోలు నుంచి దీవెన దాకా, పల్లె పాటల వరసల్లో, పల్లె యాసలో కట్టాడు. 1990ల్లో అది సంఘాల్లోకి వెళ్లింది.

అందులో ఆయన చేసిన ఎంపికలు ఒక్కొక్కటీ లోతైనవి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవుణ్ణి తండ్రి అని మాత్రమే కాకుండా కన్నవారు అనే అర్థం వచ్చే పల్లె మాటతో పిలిచాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ అందులో ఉన్నారు. దీనికోసం ఆయన పడమటి స్త్రీవాద వేదాంతం నుంచి పదం అరువు తెచ్చుకోలేదు, పల్లె జనం నోట్లో ఉన్న మాటే అది. ఒకే కుండలో వండి అందరూ తినడం ఆయన ఆలోచనకు నడిబొడ్డు. రొట్టె ముక్క, ద్రాక్షరసం చుక్కతో ప్రభు భోజనం అయిపోయిందనుకోవడం ఆయనకు సరిపోలేదు. ఎవరి చేతి వంట ఎవరు తినరో అన్నదాని మీదే కులం నిలబడిన దేశంలో, కలిసి కడుపునిండా తినడమే సంస్కారం కావాలన్నాడు. మన సంఘాల్లో పండగనాడు పెట్టే ప్రేమ విందు ఆరాధన అయిపోయాక వచ్చే ముచ్చట. అప్పావు లెక్కలో అదే ఆరాధన.

ఇంకో సంగతి నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. తన పాటలను జనం మార్చుకోవడం ఆయనకు ఇష్టం. అచ్చు పుస్తకంలో పాట బిగుసుకుపోతుంది, చదువు రానివాడికి అందులో చోటు ఉండదు. జానపదం అలా కాదు. పాడే మనిషి తన ఊరి బాధను ఒక చరణంగా కలుపుకోవచ్చు, నచ్చని మాట తీసేయవచ్చు. పాటలో చేర్చుకోవడమంటే పాటను మార్చే హక్కు ఇవ్వడం అని ఆయన చూపించాడు. ఏ సంఘమైనా పాడమని అందరినీ పిలుస్తుంది. పాట దిద్దమని పిలిచే సంఘం చాలా అరుదు.

పరై వాద్యం దగ్గర మాత్రం నడక కష్టమైంది. పరై మన డప్పుకు తోబుట్టువు. అదే చట్రం, అదే తోలు, మంట దగ్గర కాచి బిగువు తెప్పించే అదే పద్ధతి, రెండు చేతుల్లో రెండు పుల్లలు. ఆ వాద్యం పేరే ఒక కులం మీద పడింది. దళిత క్రైస్తవుల్లో చాలామంది దాన్ని గుడిలో వినడానికి ఒప్పుకోలేదు. చావుల దగ్గర కొట్టించిన అవమానం నుంచి బయటపడటానికే కదా తాతలు ఈ గుడి మెట్లెక్కారు అన్నది వాళ్ల వాదన. ఒంగోలు పల్లెల చరిత్ర తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. అప్పావు కూడా తీసిపారేయలేదు. వెట్టి తప్పు గానీ వాద్యం తప్పు కాదని, అవమానం తోలులో లేదు, కొట్టించినవాడి పెత్తనంలో ఉందని పాటల ద్వారా, పాఠాల ద్వారా ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. 2005లో ఆయన చనిపోయాడు. ఆయన దగ్గర ఏళ్లతరబడి నేర్చుకున్న అమెరికన్ సంగీత పరిశోధకురాలు జోయీ షెరినియన్ ఆ కృషి మీద 2014లో పెద్ద పుస్తకం తెచ్చారు.

పడమటి దేశాల చర్చిల్లో ఇదే కాలంలో ఇంకో తీరు పోరాటం నడిచింది. అక్కడ గొడవ ఎక్కువగా పాటలోని మాటల గురించి. సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ 1848లో పిల్లల కోసం రాసిన ఒక ప్రసిద్ధ గీతంలో కోటలో ధనికుడు, వాకిట్లో పేదవాడు దేవుడి ఏర్పాటే అన్నట్టు ఒక చరణం ఉంది. 1906లో 'ఇంగ్లిష్ హిమ్నల్' కూర్పరి పెర్సీ డియర్మర్ దాన్ని ఎత్తేశాడు. 1980ల నుంచి బ్రయన్ రెన్ లాంటి గీతకర్తలు దేవుణ్ణి మగవాడిగా మాత్రమే పిలిచే అలవాటును ప్రశ్నించారు. 1994లో మార్టీ హాగెన్ అందరికీ స్వాగతం పలికే గీతం రాశాడు, 1998లో న్యూజిలాండ్ కవయిత్రి షర్లీ ఎరీనా మరే పుట్టిన ప్రతి మనిషికీ బల్ల దగ్గర చోటు కావాలని రాసింది. రెండూ ఖండాలు దాటి వెళ్లాయి. విమర్శకులు అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే: స్వాగతం అని పాడేవాళ్లు అప్పటికే లోపల కూర్చున్నవాళ్లు కదా, ఎవరికి ఎవరు స్వాగతం చెబుతున్నట్టు? ఆ ప్రశ్నకు అప్పావు పనిలో నాకు జవాబు కనిపిస్తుంది. ఆయన పాట వాకిట్లో ఉన్నవాడి గొంతులోనే మొదలవుతుంది.

మన దగ్గరికి వస్తే, తమిళనాట ఉన్నంత పదునుగా కీర్తనకూ దళితులకూ మధ్య వైరం ఇక్కడ లేదు. సంఘంలో అత్యధికులు మాల మాదిగలే కావడంతో చౌదరి కీర్తన పల్లె గొంతులో పడి పల్లెదే అయిపోయింది. అక్షరం రాని అవ్వలు రాగం పేరు తెలియకుండానే పది చరణాలు కంఠతా పాడారు. ఆ సొత్తును ఎవరూ తోసిపుచ్చనక్కర్లేదు. లోటు ఇంకోచోట ఉంది. కీర్తన పైనుంచి పల్లెకు దిగింది గానీ, పల్లె పాట పుస్తకంలోకి ఎక్కలేదు. కోత పాట, ఊయల పాట, పేరయ్య లాంటి సాధకులు పాడుకున్న తత్వం, వీటికి పాటల పుస్తకంలో తగినంత చోటు దొరకలేదు.

డప్పు మాత్రం తన దారి తాను వెతుక్కుంది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. ఆ రెండు ఊళ్లలో నరికివేతకు గురైన పల్లెల్లో క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాత పెల్లుబికిన దళిత పాట ఎక్కువగా ఉద్యమ సభల్లో మోగింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. దాని గుర్తు డప్పే. క్లౌ, పేరయ్యలు నడిచిన ఒంగోలు సీమ అది. ఏ గడ్డ మీద డప్పు దించేయడం గౌరవమైందో, ఆ గడ్డ మీదే డప్పు ఎత్తడం గౌరవమైంది. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. తాత వెట్టిని కాదన్నాడు, మనవడు తన వాద్యాన్ని తనదన్నాడు. రెండుచోట్లా నిర్ణయం వాళ్లదే.

సంఘంలో పీఠాలు మారుతున్నాయి. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్‌గా అభిషేకం పొంది సీఎస్ఐలో ఆ స్థానానికి చేరిన తొలి మహిళ అయ్యారు. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ హోదాకు ఎక్కిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయన. సంతోషించాల్సిన మార్పులివి. ఆరాధన సంగీతంలో మాత్రం మార్పు వేరే వైపు సాగుతోంది. కీబోర్డులో రిథమ్ ప్యాడ్ నొక్కితే డప్పు శబ్దం వస్తుంది, క్రిస్మస్ పాటలకు అదే హుషారు. ఆ శబ్దం కావాలి, కొట్టే మనిషి మాత్రం వేదిక మీద కనిపించడు. సిర్ర, చిటికెన పుల్ల పట్టి దరువు మార్చగల పెద్దలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. మన వేదాంత కళాశాలలు వాళ్లను పిలిచి గురువులుగా కూర్చోబెట్టాలి, జీతమిచ్చి పాఠం చెప్పించుకోవాలి. పల్లె ఆడవాళ్ల పాటలను వాళ్ల పేర్లతో సహా సేకరించాలి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తర్వాతి కూర్పు వేసే సంఘం ఆ పనితోనే మొదలుపెట్టవచ్చు, ఆ సంఘంలో సగం కుర్చీలు ఆడవాళ్లకిచ్చి, రాగం పేరు అచ్చువేసే చోట దరువు పేరు కూడా వేసి.