పలవరింతలో దొరికిన ప్రేమ

ఉజ్బెక్ భాషలో తొలి నవలగా పేరుపడ్డ 'ఓత్కన్ కున్లర్' (గడిచిన రోజులు)లో కథానాయకుడు ఒటాబెక్ తన ప్రేమ సంగతి ఎవరికీ చెప్పడు. నిద్రలో పలవరిస్తాడు. చిన్నప్పటి నుంచి సాకిన ముసలి హసనాలి అది విని, ఆ నల్లకళ్ల పిల్ల ఎవరో ఆరా తీసి, సంబంధం కుదిర్చేస్తాడు. ఒక భాషలో నవల అనేది పలవరింతతో మొదలైందంటే భలే ముచ్చటేసింది నాకు.

ఈ ప్రేమజబ్బు పాతదే. 15వ శతాబ్దంలో అలీషేర్ నవాయి రాసిన మజ్నూ ప్రేమలో చిక్కి శల్యమవుతాడు. అక్కణ్ణుంచి ఒక్క గెంతు వేసి 1922కి వచ్చేద్దాం. ఆ ఏడాది 'ఇంఖిలాబ్' పత్రికలో అబ్దుల్లా ఖాదిరీ రాసిన ఈ 'ఓత్కన్ కున్లర్' భాగాలు వెలువడ్డాయి. 1926 నాటికి పుస్తకమైంది.

గజల్‌లోని విరహాన్ని ఖాదిరీ మర్గిలాన్ ఊరి ఇళ్లలోకి తెచ్చాడు. కాలవ దగ్గర ఒక్కసారి చూసిన ఒటాబెక్‌ను ఆ నల్లకళ్ల పిల్ల కుముష్ మరవలేదు. పెద్దలు పెళ్లి కుదిర్చితే ఏడుపే ఏడుపు. వరుడు అతడేనని పెళ్లిరాత్రి దాకా తెలీదు పాపం! ఔను, కాదు అనే హక్కు లేని పిల్ల మరేం చేస్తుంది? నోటికి తాళం వేసినవాళ్లు ఒంటికి వేయలేకపోయారు. సవతి జైనబ్ కడుపుమంట కూడా మాటల్లో తీరలేదు. చివరికి బాలింత కుముష్ తాగే జావలో విషమైంది.

చోల్పాన్ నవల 'కెచ వ కున్దుజ్' (రాత్రి, పగలు)లో జెబీ ఆనందమంతా పాడే గొంతులోనే. ఆ గొంతే ఆమెను అక్బరలీ అనే అధికారికి నాలుగో భార్యను చేసింది. 'రాత్రి' మిగిలింది, 'పగలు' భాగం ఇప్పటికీ దొరకలేదు. 1938 అక్టోబర్ 4న ఖాదిరీనీ చోల్పాన్‌నీ ఒకేరోజు కాల్చి చంపారు. ఖాదిరీ జైలుగదిలో మనసులోనే నవల అల్లుకుంటున్నట్టు ఊహించి హమీద్ ఇస్మాయిలోవ్ తర్వాత ఒక నవలే రాశాడు. నన్నడిగితే, ఆ తూటాల తర్వాత చాలాకాలం ఉజ్బెక్ కథల్లో ఒంటికి మిగిలింది శ్రమ చెమటే.

ఆ తూటాలకు ముందే అబ్దుల్లా ఖహ్హార్ 'అనార్' రాశాడు. వేవిళ్లతో ఉన్న భార్యకు దానిమ్మ కావాలి. పేద భర్త తేనెపట్టు తెస్తాడు. ఆమె మొహం మాడుతుంది, గొడవవుతుంది, చివరికి అతను దొంగతనానికి దిగుతాడు. పేదరికం మీద ఉపన్యాసమేమీ ఉండదు. ఖహ్హార్‌కు గురువు చెకోవ్ అంటారు. కావచ్చు. కానీ వేవిళ్ల గురించి చెకోవే చెప్పాలా? ఏ ఇంటి వంటగదైనా చెబుతుంది.