మూలకణం, సంకేతకణం: మధుమేహ వ్రణ చికిత్సలో ఒక పేరు చరిత్ర

మధుమేహ రోగి పుండు త్వరగా మానదన్న ఎరుక మన వైద్య వాఙ్మయానికి కొత్త కాదు. ప్రమేహం ముదిరినవారికి వచ్చే కురుపులను చరకుడు ఏడు రకాలుగా, సుశ్రుతుడు పది రకాలుగా చెప్పారు. వ్రణ చికిత్సకు సుశ్రుతుడు అరవై ఉపక్రమాలను పేర్కొన్నాడు. నరాలు స్పర్శ కోల్పోవడం, రక్తప్రసారం తగ్గడం, వాపు దశ ముగియకుండా సాగడం అనే మూడింటిని ఆధునిక వైద్యం ముఖ్య కారణాలుగా చూపుతుంది. ఈ పుండ్లకు ఇటీవల ప్రతిపాదిస్తున్న చికిత్సలో కీలకమైన 'మూలకణం' అన్న పదాన్ని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

1868లో జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ 'ష్టామ్‌ట్సెల్లె' అన్న మాటను సమస్త జీవులకూ పూర్వికమైన ఏకకణ జీవికి వాడాడు. 'ష్టామ్' అంటే మాను, వంశం కూడా. ఇంగ్లీషులో అది 'స్టెమ్' అయింది. తెలుగువారు కాండం దగ్గర ఆగక వేరు దాకా దిగి 'మూలకణం' అన్నారు. మూలం వేరే కాదు, కారణం కూడా. కాబట్టి తెలుగు పదంలో అసలు పదం కన్నా పెద్ద వాగ్దానమే ఉందని నా అభిప్రాయం.

1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ ఎలుకల మజ్జపై చేసిన ప్రయోగాలు రక్త మూలకణాల ఉనికికి ఆధారం చూపాయి. తరువాత రష్యాలో ఫ్రీడెన్‌స్టైన్ మజ్జలోనే రక్తానికి చెందని మరో తరహా కణాలను గుర్తించాడు. 1991లో ఆర్నాల్డ్ కాప్లన్ వాటిని 'మీసెంకైమల్ స్టెమ్ సెల్స్' అన్నాడు. పుండులో ఉంచితే ఇవే చర్మంగా, రక్తనాళంగా మారుతాయన్న ఆశ ఆ పేరులోనే ఉంది.

ప్రయోగాల్లో తేలింది వేరు. ఎక్కించిన కణాల్లో అధికభాగం కొద్ది రోజుల్లో నశించేవి. అయినా గాయం మెరుగుపడేది. అవి మాంసంగా మారడం వల్ల కాక, స్రవించే ప్రోటీన్లతో వాపును తగ్గించి, చుట్టూ ఉన్న కణజాలాన్ని పనికి పురికొల్పడం వల్లే ఈ మేలు కలుగుతోందన్న వివరణ బలపడింది. 2017లో కాప్లనే పేరు మార్చాలని కోరాడు: 'మెడిసినల్ సిగ్నలింగ్ సెల్స్'. మూడక్షరాల సంక్షిప్త రూపం చెక్కుచెదరలేదు, అర్థం మాత్రం తలకిందులైంది.

ఇది కేవలం నామకరణ వివాదం కాదు. కణం మాంసంగా మారాలంటే ఎన్ని కణాలు ఎక్కించామన్నది ముఖ్యం; సంకేతం పంపాలంటే అది పుండులో ఎంతకాలం బతికిందన్నది ముఖ్యం. అందుకే పరిశోధకుల దృష్టి కణాలను నిలిపి ఉంచే హైడ్రోజెల్ పొరలపైకి, తక్కువ ప్రాణవాయువులో ముందుగా పెంచి వాటిని రాటుదేల్చడంపైకి, కణం లేకుండా దాని స్రావాలనే వాడటంపైకి మళ్లింది. దీర్ఘకాల మధుమేహం రోగి సొంత కణాలను మందగింపజేస్తుంది కనుక ఆరోగ్యవంతుల కణాలను వాడే మార్గమూ ఏర్పడింది. 2019లో వెలువడిన కొరియా ప్రయోగంలో దాతల కొవ్వు నుండి తీసిన కణాల పొరను పాదపు పుండ్లపై పరిచారు. 12 వారాలకు పూర్తిగా మానినవారు 82 శాతం. కణాలు లేని పొర వాడినవారిలో 53 శాతం. అయితే ఈ లెక్కలోకి వచ్చిన రోగులు 39 మందే.

పాదం తీసేయాలన్న మాట విన్న రోగికి 'మూలకణ చికిత్స' అనే సమాసం సిద్ధించిన వైద్యంలా వినిపిస్తుంది. భారతదేశంలో 2007 నాటి మార్గదర్శకాల శీర్షికలో 'పరిశోధన, చికిత్స' అని ఉండేది. 2013లో 'చికిత్స' అన్న మాటను తొలగించారు. 2017 ప్రతి కూడా రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదిత సందర్భాలను మినహాయించి, తక్కిన వినియోగమంతా క్లినికల్ ట్రయల్‌కే పరిమితం కావాలని నిర్దేశించింది.