అణాల్లో వెల, చేతిరాతలో ఒక వారం

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర చేరేవాళ్లలో రెండు రకాలు. ఒకరు అట్ట చూస్తారు, రెండో రకంవాళ్లు తొలి ముద్రణో కాదో తేల్చుకోడానికి నేరుగా లోపలిపేజీ వెనక్కి వెళ్తారు. వీళ్లని కొట్టువాళ్లు ఇట్టే పసిగడతారు. "కథ అక్కడుండదు మాస్టారూ, ఇంకో పేజీ తిప్పాలి" అని ఒకాయన నన్ను ఆటపట్టించి, ఆ నోటితోనే ధర పది రూపాయలు పెంచాడు.

ఈ తొలి ముద్రణ పిచ్చి అమెరికాలో పెద్ద వ్యాపారం. ఫిట్జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ'ని 1925లో స్క్రిబ్నర్స్ సంస్థ తొలి ముద్రణగా 20,870 ప్రతులు వేసింది. పైన చుట్టిన కాగితపు జాకెట్ వెనకవైపు కథానాయకుడి పేరులో మొదటి అక్షరం పెద్దది పడాల్సిన చోట చిన్నది పడింది. తప్పు చూసుకుని దాన్ని చేత్తో దిద్దారు. ఆ దిద్దుబాటు జాకెట్‌తో చక్కటి ప్రతి దొరికితే ఇవాళ లక్షల డాలర్లు పలుకుతుంది. జాకెట్ లేకపోతే అదే పుస్తకం ధర ఎక్కడికో పడిపోతుంది.

మన దగ్గర జాకెట్ మాట అలా ఉంచండి, అసలు అట్టే మిగల్లేదు. అద్దె లైబ్రరీవాళ్లు కొత్త నవల రాగానే అట్ట పీకేసి, గట్టి బైండు చేయించి, రబ్బరు స్టాంపు గుద్దేవారు. వాళ్లకి పుస్తకం వంద చేతులు మారాలి మరి. బాపు బొమ్మలు ఎన్ని ఆ బైండర్ల బల్లల కింద రాలిపోయాయో! మిగిలినవాటిని డెల్టా చెమ్మ, చెదలు చూసుకున్నాయి. కలరా ఉండలు ఎన్నని వేస్తాం?

అందుకే ఇక్కడ పుస్తకం వయసు కట్టడానికి వేరే ఆనవాళ్లు చూడాలి. 'ప్రథమ ముద్రణ' అన్న పేజీ చిరిగిపోయినా వెల దొరకొచ్చు. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. నయాపైసల్లో ఉంటే 1957-64 మధ్యది. పాత సరుకు మీద కొత్త ధర చీటీ అంటించే అలవాటుంది కాబట్టి గోటితో మెల్లగా గీకి చూడాలి. తర్వాత చిరునామా. 'ఏలూరు రోడ్డు, విజయవాడ-2' అని ఆగిపోతే 1972 ఆగస్టుకి ముందుదనుకోవచ్చు. ఆ నెల 15న పిన్‌కోడ్‌లు వచ్చాక అది 520 002 అయింది. 'బెజవాడ' అని ఉంటే ఇంకా పాతదని సంబరపడకండి. అలవాటు పోనివాళ్లు చాలాకాలం అలాగే రాశారు.

అమెరికా నవల మనవాళ్లకి ఎక్కువగా తెలుగులోనే పరిచయం. ఆంధ్రజ్యోతి సంపాదకుడు నండూరి రామమోహనరావు మార్క్ ట్వేన్‌ని తెలుగు చేశారు. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షికతో 'స్వాతి' మాసపత్రికలో ఇంగ్లిషు నవలల్ని ఒక్కొక్కటిగా పరిచయం చేశారు. 1976లో వచ్చిన అలెక్స్ హేలీ 'రూట్స్' సహవాసి చేతిలో 'ఏడు తరాలు' అయి ఇంటింటికీ చేరింది. దాని అమెరికా తొలి ప్రతులు లక్షల్లో అమ్ముడయ్యాయి కాబట్టి అవి అరుదేం కాదు. నన్నడిగితే 'ఏడు తరాలు' తొలి ముద్రణ కోసం తిరగడంలోనే మజా ఉంది.

అయితే తెలుగు నవలకి తొలి ముద్రణ ఏదన్నదే తేలని లెక్క. అది పుస్తకమయ్యేలోపే వారపత్రికలో వారం వారం ఊరంతా చదివేసేది. ఇళ్లలో ఆడవాళ్లు ఆ పేజీలు కత్తిరించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి దాచుకునేవారు. ప్రచురణకర్త వేసిన ప్రతికన్నా అదే ముందుది.

అలాంటిదొకటి నాకూ దొరికింది. అరవైల నాటి సీరియల్, పైన పాత క్యాలెండర్ కాగితం అట్ట. పేజీల వెనక సగం సగం కోసుకుపోయిన సబ్బుల ప్రకటనలు. మధ్యలో ఒక వారం లేదు. దాని బదులు రూళ్ల కాగితం కుట్టి ఉంది. ఆ వారం ఏం జరిగిందో ఎవర్ని అడిగి తెలుసుకుందో గానీ, ఆ ఇల్లాలు కథంతా సిరాతో గుండ్రటి అక్షరాల్లో రెండు వైపులా రాసి పెట్టుకుంది.

కొట్టాయన ఆ కాగితం చూసి నొచ్చుకున్నాడు. "ఒక వారం పోయింది మాస్టారూ, ఇరవై తగ్గించి ఇవ్వండి" అన్నాడు.