ముద్ద ఎవరి చేతిలో ఉంది?

ఇరవై ఏళ్ళ క్రితం, నా కూతురికి పదో నెల నడుస్తుండగా, విశాఖపట్నంలో మా ఇంట రోజుకి మూడు యుద్ధాలు జరిగేవి. మిక్సీలో గంధంలా రుబ్బిన పప్పన్నం, నా చేతిలో చెంచా, బిగుసుకుపోయిన దాని పెదాలు. "తల్లికి ఓపిక లేకపోతే పిల్లలిలాగే తయారవుతారు" అన్నాడు మేం చూపించిన డాక్టరు.

అప్పుడే కోటబొమ్మాళి నుంచి అమ్మమ్మ వచ్చింది. రెండు రోజులు చూసి, చెంచా తీసి పక్కన పెట్టేసింది. పిల్లని తన కంచం దగ్గర కూచోబెట్టుకుని, పప్పు కలిపిన మెతుకులు నాలుగు అంచున వేసింది. "ఒగ్గెయ్యే. కడుపు దానిది, నీది గాదు" అంది.

అమ్మమ్మ కాలాన్ని స్వర్ణయుగం చెయ్యాలని నాకు లేదు. మళ్ళీ నెల తప్పగానే వేపాకు నూరి రొమ్ముకి రాసుకుని పాలు మాన్పించేసేదట. పొద్దున్నే పొలానికి పోతే చంటిదానికి చోడంబలి తాగించింది ఎవరు? పెద్దకూతురు, అంటే మా అమ్మ. అప్పటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. పిల్లలు తమంతట తాము తినడం నేర్చుకున్నారంటే బతిమాలే తీరిక ఎవరికీ లేక కూడా. పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి పోయే తల్లికి ఇవాళైనా ఆ తీరిక ఎక్కడిది?

1867లో స్విట్జర్లాండ్‌లో నెస్లే పాలపిండి తయారైంది. ఆ తర్వాత వచ్చిన రకరకాల డబ్బాలు ఆహారంతో పాటు ఒక కొత్త తల్లిని కూడా అమ్మాయి. కొలిచి కలిపే తల్లి, గిన్నె ఖాళీ అయితేనే గెలిచే తల్లి. మన దేశంలో పాలడబ్బాల ప్రచారాన్ని కట్టడి చేసే చట్టం 1992లో వచ్చింది. రెండేళ్ళలోపు పిల్లల ఆహారపు ప్రకటనలన్నిటినీ నిషేధించడానికి 2003 దాకా పట్టింది. అప్పటికే ఆ తల్లి మన ఇళ్ళల్లో, మన బుర్రల్లో స్థిరపడిపోయింది.

అమ్మమ్మ మాటని ప్రయోగంగా చేసి చూసిన డాక్టరు ఒకామె ఉంది. క్లారా డేవిస్, అమెరికాలో, 1926లో మొదలుపెట్టింది. అప్పుడే పాలు మానిన పదిహేనుమంది పసివాళ్ళ ముందు ముప్పయికి పైగా పదార్థాల్లోంచి కొన్నేసి పెట్టించేది. నర్సులు మాట్లాడకుండా కూచోవాలి, పిల్లలు చూపించిందే అందించాలి. పిల్లలు చక్కగా ఎదిగారు. అయితే 1939లో ఆమే చెప్పింది, కిటుకంతా ఆ పదార్థాల జాబితాలోనే ఉందని: చక్కెర, మైదా అందులో లేవు. ఆ పిల్లలు ఎవరి పిల్లలో కూడా చూడాలి. సాకే స్తోమత లేని వితంతువుల, వయసు రాని తల్లుల పిల్లలు. పేద తల్లుల ఒడి ఖాళీ అయితేనే ఆ శాస్త్రం సాధ్యమైంది.

మన దగ్గర హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు నల్లగొండ జిల్లా అరవై పల్లెల్లో, ఆరువందల మంది తల్లులతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. కొందరు తల్లులకి ఏం పెట్టాలో చెప్పారు. ఇంకొందరికి దాంతోపాటు బిడ్డ ఆకలినీ, చాలు అనడాన్నీ ఎలా గుర్తుపట్టాలో, బిడ్డతో ఎలా ఆడాలో ఇంటికెళ్ళి చెప్పారు. రెండు గుంపుల పిల్లల తిండీ మెరుగుపడింది, రెండో గుంపు పిల్లలు మానసిక వికాసంలో కూడా ముందున్నారు. న్యూజిలాండ్‌లో పిల్లలే చేత్తో తీసుకుని తినే పద్ధతిని పరీక్షిస్తే, ఏడాది వయసులో వాళ్ళకి పేచీ తక్కువని తల్లులు చెప్పారు (2017).

కాబట్టి పద్ధతి లెక్కలోకి వస్తుంది. కానీ ఎంత? ఇంగ్లండ్, వేల్స్ కవల పిల్లల మీద చేసిన అధ్యయనం ప్రకారం (2024) పదహారు నెలల వయసులో తిండి పేచీలో పిల్లకీ పిల్లకీ ఉన్న తేడాల్లో అరవై శాతం పుట్టుకతో వచ్చినవే. మూడేళ్ళు దాటాక అది డెబ్బై నాలుగు, ఆపైన. ఇది చదివిన రాత్రి నేను ఆ డాక్టరుని చాలాసేపు తలుచుకున్నాను.

మెతుకులు ఏరుకుని తినడం మొదలుపెట్టాక నా కూతురు తేరుకుంది. వంకాయ మాత్రం ఇప్పటికీ ముట్టదు. మా నాన్న కూడా ముట్టడు. ఆయన్ని ఎవరూ మొండివాడనలేదు, ఆయన తల్లి పెంపకాన్నీ తప్పుపట్టలేదు. ఇంట్లో వంకాయ వండిన రోజు అమ్మ ఆయనకి వేరే కూర వండేది.