అసలు, వడ్డీ, న్యాయము

ఉగాదినాడు మన సంఘములో పంచాంగ శ్రవణము జరుగునప్పుడు అందరమును చెవి యొగ్గి వినెడి ఘట్టము ఆదాయ వ్యయములది. ఒకరి రాశికి ఆదాయము 14, వ్యయము 2 అని వచ్చును. ప్రక్క కుర్చీలోని వారికి ఆదాయము 2, వ్యయము 14 అని వచ్చును. రెండవవారు "ఈ ఏడును ఇంతేనా" అని నవ్వి ఊరుకొందురే గాని, మొదటివారి ఆదాయములో నుండి తమకు కొంత ఇప్పించవలసినదని పంతులుగారిని అడిగినవారు లేరు. గ్రహములు వ్రాసిన లెక్క గనుక దానిపై అప్పీలు లేదు.

మనుష్యులు వ్రాసిన లెక్కల సంగతి వేరు. శిస్తు, వడ్డీ, కూలి, పన్ను, రేషను - వీటిని గూర్చి మనము రైలు పెట్టెలోను, ఆఫీసు క్యాంటీనులోను ప్రతిదినము వాదించుకొనుచునే యున్నాము. ఉన్నవాని దగ్గర తీసి లేనివానికి పెట్టుట న్యాయమా? న్యాయమైన యెడల ఎవరి దగ్గర ఎంత తీయవలెను, ఎవరికి ఎంత పెట్టవలెను? ఈ ప్రశ్న మన కాలమున పుట్టినదని అనుకొందుము. కాని ఇదే ప్రశ్నను మూటగట్టుకొని మన తెలుగు రైతులు కాలినడకను ఈ చెన్నపట్టణమునకే వచ్చినారన్న సంగతి మన పిల్లలలో చాలమందికి తెలియదు. దానిని జ్ఞాపకము చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము చరిత్రకారులము కాము. రైల్వేలో గుమాస్తా పని. చదువు మెట్రిక్యులేషను వరకే. లెక్క పుస్తకము చూచుట మా వృత్తి గనుక ఈ కథను లెక్కవైపు నుండి చెప్పెదము.

1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషను ద్వారా ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు రాజధానిలో జమీందారీలకు శాశ్వత శిస్తు ఏర్పాటు చేసినారు. జమీందారు కంపెనీకి కట్టవలసిన పేష్కషు శాశ్వతముగా నిర్ణయమైనది. రైతు జమీందారునకు కట్టవలసినది మాత్రము అట్లు నిలిచి ఉండలేదు. పైనున్నవానికి కట్టుదిట్టమైన లెక్క, క్రిందనున్నవానికి పెరుగుచు పోవు లెక్క. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టము రైతుకు సాగుహక్కు నిచ్చినను, శిస్తు తగాదాలును, చెరువు మరమ్మతుల తగాదాలును, అడవి కట్టెల తగాదాలును తీరలేదు.

దీనిపై 1929 తరువాత ప్రపంచ ఆర్థిక మాంద్యము వచ్చి పడినది. కొద్ది సంవత్సరములలో ధాన్యము ధర దాదాపు సగమునకు దిగినది. ప్రోనోటు మీద వ్రాసిన అంకె మాత్రము దిగలేదు. పది బస్తాలు అమ్మి తీర్చవలసిన బాకీకి ఇరువది బస్తాలు కావలసివచ్చినవి. రైతు కొత్తగా ఏమియు పుచ్చుకొనలేదు. అప్పు మాత్రము రెట్టింపైనది.

1937లో చట్టసభలకు ఎన్నికలు జరిగినవి. ఆనాడు ఓటు అందరిదియు కాదు. పన్నో, ఆస్తియో, చదువో ఉన్నవారికే ఓటు. అయినను బొబ్బిలి నియోజకవర్గములో స్వయముగా బొబ్బిలి రాజావారిని వి.వి. గిరిగారు ఓడించినారు. గిరిగారు రైల్వే కార్మిక సంఘములలో పనిచేసి పైకి వచ్చినవారు గనుక, ఈ సంగతి చెప్పునప్పుడు మా రైల్వేవారికి మీసము మీదికి చేయి పోవుట సహజము. ఆ జూలైలో రాజాజీ ప్రధానమంత్రిగా మంత్రివర్గము ఏర్పడినది. రాష్ట్రముల ముఖ్యమంత్రిని అప్పుడు అట్లే పిలిచెడివారు. ప్రకాశం పంతులుగారు రెవిన్యూ మంత్రి. గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి.

ఓటు వేసి ఇంట కూర్చున్న యెడల పని జరుగునను నమ్మకము రైతులకు లేదు. 1937 చివర ఉత్తరపు కొసనున్న ఇచ్ఛాపురమున రైతుల యాత్ర బయలుదేరినది. ఇచ్ఛాపురము నుండి చెన్నపట్టణమునకు రైలు మార్గము సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆ యాత్రికులు నడిచినది 1,500 మైళ్లు, అనగా 2,400 కిలోమీటర్లు. నేరుగా రాలేదు గనుకనే అంత దూరమైనది. తొమ్మిది జిల్లాలలో ఊరూర ఆగి, సభలు జరిపి, ఎవరి కష్టమును వారిచేత అర్జీగా వ్రాయించుకొని, సుమారు 130 దినములు నడిచినారు. అట్లు పోగైన అర్జీలు 1,100కు పైబడినవి. 1938 మార్చి చివర వానిని ఇచ్చట శాసనసభకు సమర్పించినారు. అప్పుడు శాసనసభ మౌంటురోడ్డు ప్రక్కనున్న ప్రభుత్వ ఎస్టేటులోని విందుల మందిరములో జరుగుచుండెను. అదియే నేటి రాజాజీ హాలు. ఓమందూరారు ఆసుపత్రికి పోవువారికి ఎత్తయిన మెట్లతో కనబడు భవనము అదే.

ఆ అర్జీలలో ముఖ్యమైన కోరిక ఋణ విమోచనము. ఆ మార్చి నెలలోనే మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము అమలులోనికి వచ్చినది. దానిలోని లెక్కను పెద్దలు మరచినారు, పిన్నలు వినలేదు. గనుక కొంచెము వివరించెదము. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుపై 1937 అక్టోబరు 1 నాటికి నిలువయున్న వడ్డీ అంతయు రద్దు. అసలుగాను వడ్డీగాను కలిపి, అప్పటికే అసలుకు రెట్టింపు చెల్లించియున్న యెడల అప్పు పూర్తిగా తీరినట్లే. రెట్టింపునకు తక్కువ చెల్లించినచో, ఆ తక్కువ మొత్తమో, మిగిలిన అసలో, ఏది చిన్నదైన దానిని కట్టిన చాలును. 1932 తరువాతి అప్పులకు నూటికి 5 చొప్పున బారువడ్డీ. చట్టము వచ్చిన తరువాత చేయు అప్పులకు నూటికి ఆరుంబావు, అనగా ఏడాదికి రూపాయికి ఒక అణా.

ఈ రెట్టింపు మాట కొత్తగా కల్పించినది కాదు. వడ్డీ అసలును మించరాదని మనువు మొదలైన ధర్మశాస్త్రకారులు చెప్పినదే. అందుచేతనే పల్లెలలో ఈ చట్టము అర్థమగుటకు ప్లీడరు అవసరము లేకపోయినది. "పుచ్చుకొన్న దానికి రెండింతలు ఇచ్చినాము, ఇంక ఏమి?" అన్నది జనము నోట ఉన్న న్యాయమే. రైతు ఎవరి సొమ్మును దానమడుగలేదు. పుస్తకము తీసి లెక్క చూడుమన్నాడు.

మా ఇంటిలో ఈ చట్టమునకు రెండు కథలున్నవి. మా నాయనగారి తాతగారు కృష్ణాజిల్లాలో ఒక జమీందారీ గ్రామపు రైతు. 200 రూపాయల నోటుకు అప్పటికే 400 దాటి చెల్లించియున్నారు. చట్టముతో నోటు కొట్టివేయబడినది. ఆనాడు ఇంట పాయసము వండినారట.

మా అమ్మమ్మగారి తల్లి చిన్ననాడే వితంతువైనది. తనకున్న 300 రూపాయలను నూటికి 12 వడ్డీకి ఒక రైతునకిచ్చి, ఆ వడ్డీతో కాలక్షేపము చేసినది. 12 ఏండ్లు ఏటేట 36 రూపాయల చొప్పున 432 ముట్టినవి. తరువాత బాకీదారు ఇవ్వలేకపోయినాడు. చట్టము ప్రకారము రెట్టింపైన 600కు తక్కువబడినది 168 మాత్రమే. ఆమెకు అంతే వచ్చినది. వేరు ఆస్తి ఏమియు లేని స్త్రీకి రావలసిన అప్పులను, ఒక పరిమితికి లోబడి, చట్టము మినహాయించినది. మన చట్టకర్తలు ఆమాత్రము ఆలోచించినారు. కాని మా ముత్తవ్వకు తలదాచుకొను చిన్న ఇల్లు ఒకటి ఉండెను. ఆ ఇంటివలన మినహాయింపు పోయినది. "ఇల్లు అమ్ముకొని వీథిన పడియుంటే నా మూడువందలు దక్కియుండును" అని ఆమె చివరివరకు అనుచుండెడిదట. ఆమెకు ముట్టిన 432 ఎవరైన గుర్తు చేసినచో, "అది నా తిండి, వారి దానము కాదు" అనెడిది. ఈ రెండు కుటుంబములకు తరువాత వియ్యము కుదిరినది గనుక, పండుగ భోజనాలలో ఈ తగాదా మా చెవులతో విన్నాము. ఎవరిది న్యాయమని అడిగిన యెడల మేము ఈనాటికిని తడబడుదుము.

మూడవ కథ ఒకటి ఉన్నది. దానిని మా ఇంటిలో గట్టిగా చెప్పుకొనరు. మా ముత్తాతగారి వద్ద ఒక పాలేరు, పెండ్లికి పుచ్చుకొన్న 40 రూపాయల క్రింద ఏండ్ల తరబడి చాకిరి చేయుచుండెను. వ్యవసాయదారుడన్న మాటకు ఆ చట్టము ఇచ్చిన అర్థము భూమిలో హక్కు కలవాడని. నాగలి పట్టినవాడని కాదు. కావున సెంటు భూమి లేని పాలేరు ఆ చట్టము దృష్టిలో వ్యవసాయదారుడు కాడు. తన నోటు చించివేసిన దినమున మా ముత్తాతగారు పాలేరు లెక్క తీయలేదు. అతడు అడుగలేదు. అతనికి ఓటు లేదు, నోటు కాగితము లేదు, యాత్రలో అర్జీ వ్రాయించుకొనుటకు తీరికయు లేదు. ఆ 40 రూపాయలు మా ఇంటివారికి జ్ఞాపకమున్నవి గాని అతని పేరు ఎవరికిని జ్ఞాపకము లేదు. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

తరువాతి చరిత్ర మనకు తెలిసినదే. ప్రకాశంగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము, జమీందారు శిస్తు వసూలు చేయువాడే గాని భూమికి సొంతదారు రైతేనని 1938లో నివేదిక ఇచ్చినది. 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేయుటతో ఆ పని ఆగినది. ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ప్రధానమంత్రిగా నున్నప్పుడు, 1948లో జమీందారీ రద్దు చట్టము వచ్చినది. జమీందారులకు పరిహారము, రైతులకు పట్టాలు. భూమిలేనివారికి ఆ చట్టములోను వాటా లేదు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరములు కావలెనని వినోబాగారిని అడిగినప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చెదనని లేచి నిలువబడినారు. అది గొప్ప దినము. కాని ఇచ్చువాడు లేచిననాడే దానము. అతడు లేవని ఊరిలో గతి యేమి? అందుచేతనే భూపరిమితి చట్టములు కావలసివచ్చినవి.

ఇప్పుడు మన సంగతి చూతము. 1983లో ఎన్.టి. రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యము పెట్టినారు. తమిళనాడులో 2011 జూన్ నుండి రేషను బియ్యము ఉచితము. వీనిని గూర్చి మన ఇండ్లలో "జనమును సోమరులను చేయుచున్నారు" అను మాట తరచు వినబడును. మేమును అన్నవారమే. ఒకసారి అట్లే మాట్లాడుచుండగా మా మేనత్తగారు, "ఒరే, నీవు ఊరికి వచ్చినది టిక్కెట్టు కొనియా?" అని అడిగినది. మేము రైల్వేవారి ఉచిత పాసు మీద వచ్చినాము. అది మా సేవకు ప్రతిఫలమని చెప్పినాము. "బియ్యము తీసుకొనువాడును ఏదో పని చేయుచునే యున్నాడు గదా" అన్నది. బదులు తోచలేదు.

మనకు వచ్చునది హక్కు, ఎదుటివానికి వచ్చునది ఉచితము అనుకొనుట మనుష్య స్వభావమే కావచ్చును. 1938 కథలో మాకు కనబడినది ఇది: పంచి పెట్టుటను మనవారు ఏనాడును అన్యాయమనలేదు. కొలత ఒకరికి ఒకటిగా, మరియొకరికి వేరుగా ఉన్ననాడే అన్యాయమన్నారు. నియమము అందరి యెదుట చదివి, ఎవరికి ఎంత పోవునో, ఎవరికి ఏల మినహాయింపో చెప్పిననాడు, నష్టపోయినవారు గొణిగినను ఒప్పుకొన్నారు. అయితే పుస్తకములో పేరే లేనివాని కొరకు ఎవరో ఒకరు అడుగవలెను. ఆనాడు మా ఇంటివారు అడుగలేదు.

మన సంఘపు ఉగాది చందా విషయమున ఈ ఏడు కార్యవర్గములో వాదము జరిగినది. అందరికి ఒకే చందా సమానత్వమని కొందరు, జీతమునుబట్టి చందా న్యాయమని కొందరు. చివరకు జీతమునుబట్టియే నిర్ణయించి, లెక్క బల్లమీద పెట్టినారు. ఎక్కువ ఇచ్చినవారికి ముందు వరుస కుర్చీలు ఉండవనియు తీర్మానించినారు. మేము దీనికి ఓటు వేసినాము. ఒక్క మనవి మాత్రము కలదు. ఈ నగరపు వీథులను ఊడ్చు పారిశుద్ధ్య కార్మికులలో ఎన్నో కుటుంబములు తెలుగు మాటలాడునవి. మన సభ్యుల జాబితాలో వారి పేర్లు ఎన్ని ఉన్నవో లెక్క చూచినాము. వ్రేళ్లమీద లెక్కించునన్ని కూడ లేవు. చందా మాట తరువాత. ముందు పిలుపు అందవలెను. వచ్చే ఉగాదికి వారి ఇండ్లకు ఆహ్వానపత్రములు తీసికొనిపోవు పని మేము ఒప్పుకొన్నాము. తోడు వచ్చువారు సాయంకాలము ఆరు గంటల తరువాత సంఘము గదిలో మమ్ములను కలియవచ్చును.

అందరి రాశులందును ఆదాయము వ్యయమును మించుగాక. సర్వులకు ఉగాది శుభాకాంక్షలు.