లాయరు ఆఫీసు గడప: 1879 నుంచి ఇవాళ్టి దాకా మన లెక్క



మన గ్రూపులో లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు పెరుగుతున్నారు. వాళ్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "లా ఫర్మ్‌లో ట్రైనీగా తీసుకోవాలంటే ఏం చేయాలి? ఇంటర్న్‌షిప్‌కి మెయిల్ పెడితే జవాబు కూడా రావట్లేదు." నాలుగు చిట్కాలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ గడప ఎవరు కట్టారో, ఎవరెవరు ఎలా దాటారో తెలియకపోతే, జవాబు రాకపోవడం మన తెలివితక్కువ అనుకుని కుంగిపోతాం. అందుకే కొంచెం వెనక్కి వెళ్దాం. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

వకీలు లేని మనిషి

1879లో రంప కొండల్లో తిరుగుబాటు ఎందుకు లేచిందంటే అందరూ కల్లు మీద పన్ను సంగతీ, మన్సబుదారు దోపిడీ సంగతీ చెబుతారు. నిజమే. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మనవాళ్లు తక్కువ తలుచుకుంటారు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లకి అప్పులిచ్చి, కాయితాలు రాయించుకుని, కింద కోర్టుల్లో దావాలు వేసేవాళ్లు. కోర్టు దూరం. అక్కడి భాష తెలీదు. నోటీసు అంటే ఏంటో తెలీదు. మనవాడు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేది. ఆ డిక్రీ పట్టుకుని వచ్చి పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. ఈ ఫిర్యాదు అప్పటి ప్రభుత్వ రికార్డుల్లోకే ఎక్కింది. అంటే మన పూర్వీకులు ఓడిపోయింది తుపాకీ ముందు మాత్రమే కాదు, తమ తరఫున మాట్లాడే మనిషి లేని కోర్టు గదిలో కూడా.

గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్ని 1839 చట్టంతోనే మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరుని ఏజెంటుగా పెట్టారు. రంపని కూడా తిరుగుబాటు తర్వాత ఏజెన్సీ పాలన కిందికి తెచ్చారు. దీంట్లో మేలుంది: షావుకారు డిక్రీల నుంచి కొంత రక్షణ. మా ఉద్దేశంలో నష్టమూ ఉంది. పాలించే అధికారే తీర్పు చెప్పే చోట వకీళ్ల వృత్తి వేళ్లూనుకోదు. మైదానంలో ఇంటికో ప్లీడరు పుట్టుకొస్తున్న కాలంలో కొండ మీద ఆ చదువుకి దారే పడలేదు.

కింద పట్నంలో ఏం జరిగింది

అదే గోదావరి జిల్లాలో, రాజమండ్రిలో టంగుటూరి ప్రకాశం సెకండ్ గ్రేడు ప్లీడరుగా ప్రాక్టీసు చేశారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచిన పేద పిల్లవాడు ఆయన. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు చేరదీసి రాజమండ్రి తీసుకొచ్చారు. సెకండ్ గ్రేడు ప్లీడరుకి హైకోర్టులో వాదించే హక్కు లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై 1907లో తిరిగొచ్చారు. ఆయన తెలివి, కష్టం గొప్పవి, సందేహం లేదు. కానీ గమనించండి, పేదవాడు గడప దాటినప్పుడు కూడా చెయ్యి పట్టుకున్న మనిషి ఒకరున్నారు. మన కొండల్లో ఆ చెయ్యి ఎవరిది?

ఇక పెద్ద పట్నాల సంగతి. ఇంగ్లండులో 1729 నుంచే సొలిసిటర్ కావాలంటే ఒక సొలిసిటర్ దగ్గర ఐదేళ్లు ఆర్టికల్డ్ క్లర్కుగా పనిచేయాలి. జీతం మాట అటుంచి, చేర్చుకున్నందుకు ఎదురు డబ్బు కట్టే ఆచారం అక్కడ చాలాకాలం నడిచింది. ఆ ఆర్టికల్స్ పద్ధతే బొంబాయి, కలకత్తాలకి వచ్చింది. ఇప్పటి లా ఫర్మ్‌ల మూలం అక్కడే. బొంబాయిలో అమర్‌చంద్ మంగళ్‌దాస్ ఫర్మ్ మొదలైంది 1917లో. సరిగ్గా అదే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూమి బదలాయింపు చట్టం తెచ్చింది: ఏజెంటు అనుమతి లేకుండా కొండ జాతుల భూమి బయటివాళ్లకి పోకూడదని. ఒకే సంవత్సరంలో ఒకచోట వ్యాపార కుటుంబాల కాయితాలు రాసే ఆఫీసు తెరిచారు, ఇంకోచోట కాయితం చదవలేని మన తాతల భూమికి కాపలా పెట్టారు. ఈ రెండూ ఇప్పటికీ ఎదురెదురుగానే ఉన్నాయి.

తలుపు తీశారు, గడప మిగిలింది

చట్టం ఒక్కో అడ్డాన్నీ తీసేస్తూ వచ్చింది. ఆడవాళ్లు లాయర్లు కావొచ్చని 1923లో చట్టం చేశారు. 1961 అడ్వకేట్స్ చట్టం వకీలు, ప్లీడరు అనే మెట్లు తీసేసి అందరినీ ఒకే వరసలో అడ్వకేట్లుగా నిలబెట్టింది. బొంబాయి, కలకత్తాల్లో అటార్నీల ప్రత్యేక తరగతిని కూడా 1976 సవరణతో ఎత్తేశారు. ఆ 1961 చట్టంలో మొదట్లో ట్రైనింగ్, పరీక్ష ఉండేవి. 1973లో వాటిని తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ మళ్లీ ఏడాది ట్రైనింగ్ పెడితే, ఆ అధికారం కౌన్సిల్‌కి లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2011 నుంచి ఆలిండియా బార్ పరీక్ష ఉంది.

ఇలా చూస్తే దారి సాఫీ అయినట్టే. కానీ జరిగింది వేరే. రాతపూర్వకంగా ఉన్న అడ్డం పోయిన ప్రతిసారీ, రాయని అడ్డం ఒకటి దాని స్థానంలో కూర్చుంది. సీనియర్ ఎవర్ని జూనియర్‌గా తీసుకోవాలో ఏ చట్టమూ చెప్పదు. స్నేహితుడి కొడుకో, క్లయింటు మేనకోడలో ముందుంటారు. మనకి ఊళ్లో ఒక్క లాయరు కూడా తెలీదు.

1988లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్ తరగతులు మొదలయ్యాయి. మొదటి బ్యాచ్ 1993లో బయటికొచ్చింది. అప్పటికి 1991 సరళీకరణ వచ్చేసింది. విదేశీ పెట్టుబడులు, కంపెనీల కొనుగోళ్లు, వాటికి ఒప్పందాలు రాసే కుర్రాళ్లు కావాలి. ఫర్మ్‌లు కాలేజీలకే వచ్చి ఎంచుకోవడం మొదలుపెట్టాయి. హైదరాబాదులో 1998లో నల్సార్, 2008లో విశాఖ లా యూనివర్సిటీ, అదే 2008లో క్లాట్ వచ్చాయి. రిజర్వేషన్ వల్ల మనవాళ్లు సీటు దాకా చేరారు. ఫర్మ్ ఉద్యోగంలో మాత్రం రిజర్వేషన్ లేదు.

ఇప్పుడు ఎలా తీసుకుంటారంటే

ముందు ఇంటర్న్‌షిప్. అది నాలుగు వారాలో ఆరు వారాలో ఉంటుంది. ఆ కొద్దిరోజుల్లోనే ఎవరు శ్రద్ధగా రాస్తారు, ఎవరు అడిగింది టైముకి ఇస్తారు అని చూస్తారు. నచ్చితే మళ్లీ పిలుస్తారు, ఆఖరికి ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్ ఇస్తారు. పేరున్న కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్ చివరి ఏడాదికి ముందే అయిపోతుంది. అక్కడ మార్కులు, మూట్ కోర్టులు, అచ్చయిన వ్యాసాలు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు చూస్తారు. అంటే ఐదో ఏడు వచ్చాక "ఇప్పుడు అప్లై చేద్దాం" అనుకుంటే ఆలస్యమే. రెండో ఏడు నుంచే మొదలుపెట్టాలి, నెలల ముందే మెయిల్ పెట్టాలి.

అసలు గడప ఇక్కడుంది. ముంబైలోనో ఢిల్లీలోనో నెల రోజులు అద్దె కట్టి, తిండి తిని, పెద్దగా డబ్బు రాని ఇంటర్న్‌షిప్ చేయగలవాడికే ఈ పోటీ మొదలవుతుంది. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. తెలివిలో తేడా వల్ల కాదు.

కోర్టు వైపు వెళ్దామన్నా ఇదే లెక్క. 2024 జులైలో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మామూలువాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు దాటకూడదని చెప్పింది. చాలా మంచి తీర్పు. 2025 మేలో జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని మళ్లీ నియమం పెట్టింది. అంటే మన ఎస్టీ పోస్టులకి కూడా మూడేళ్లు జూనియర్‌గా బతికి బట్టకట్టాలి. జూనియర్లకి పట్నాల్లో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సు మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాడు లేడు.

మన చేతిలో ఏముంది

ఒకటి, మనకి తెలిసిన చట్టం. 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1/70, 1997 సమతా తీర్పు. కంపెనీ ఏదైనా షెడ్యూల్డ్ ప్రాంతంలో గనికో ప్రాజెక్టుకో అడుగుపెట్టాలంటే భూమి పత్రాల పరిశీలన చేసేది లా ఫర్మే. అక్కడ 1/70 తెలిసిన మనిషి అవసరం. ఇది మొహమాటపడి దాచుకునే సంగతి కాదు, సీవీలో పైన రాయాల్సిన సంగతి. ఆ బల్ల దగ్గర మనవాడుంటే "ఈ భూమి బదలాయింపు చెల్లదు" అనే మాట సంతకాలకి ముందే వినబడుతుంది.

రెండు, ఊరికి దగ్గరి పని. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లా విద్యార్థులు పారా లీగల్ వాలంటీర్లుగా చేరొచ్చు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో భూమి కేసులు ఎలా నడుస్తాయో సెలవుల్లో చూసి రాసుకోండి. ముంబై వెళ్లలేని ఏడాది కూడా ఖాళీగా పోదు. 2010లో షమ్నాద్ బషీర్ మొదలుపెట్టిన ఐడియా లాంటి సంస్థలు మనలాంటి పిల్లలకి లా స్కూలు దారి చూపిస్తున్నాయి, అడగడానికి వెనకాడొద్దు.

మూడు, మనమే ఆ చెయ్యి కావడం. 1943లో మార్లవాయిలో గోండు యువకులకి టీచరు ట్రైనింగ్ మొదలైనప్పుడు, అక్కడ చదివినవాళ్లే మళ్లీ గూడేల్లో బడులు నడిపారు. లాయర్ల విషయంలోనూ అదే జరగాలి. పెద్ద పట్నంలో స్థిరపడ్డ అన్నలు, అక్కలు ఇంటర్న్‌షిప్ నెలలో ఒక గది, ఒక మంచం ఇవ్వండి. ప్రాక్టీసులో ఉన్నవాళ్లు ఏడాదికి ఒక్క జూనియర్‌ని మనవాళ్లలోంచి తీసుకోండి. ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు ఏం అడిగారో, ఎంత ఖర్చయిందో ఇక్కడే రాయండి.

ఈ నెలలో ఎవరు ఏ ఊళ్లో గది ఇవ్వగలరో కింద పేరు, ఊరు రాయండి. జాబితా మేం తయారు చేస్తాం.